ఇంటి పెరుగా, ప్రోబయాటిక్ బుడ్డీనా, క్యాప్సూలా: ఏది మేలు?

రోజూ పెరుగన్నం తింటానే ఉన్నాం గదా, మళ్ళీ ఈ ప్రోబయాటిక్కులు (ఒంటికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు) ఎందుకు అనేవాళ్ళు ఒక పక్క, పెరుగుతో ఏం కాదు క్యాప్సూల్ వేసుకోవాల్సిందే అనేవాళ్ళు ఇంకో పక్క. నా లెక్కలో అయితే రోజువారీ తిండికి ఇంటి పెరుగే మేలు, క్యాప్సూల్ మందు కిందికొచ్చిద్ది కాబట్టి అవసరం పడితేనే, యాకుల్ట్ లాంటి ప్రోబయాటిక్ పానీయం బుడ్డీకి మాత్రం నేను పెద్దగా మార్కులెయ్యను.

ముందు పెరుగు సంగతి. ఒంగోలు గిత్తకి ప్రపంచమంతా పేరుంది గానీ మన ఇళ్ళల్లో తోడేసేది ఎక్కువగా బర్రె పాలే, అందుకే గడ్డపెరుగు అంత చిక్కగా వచ్చిద్ది. గోరువెచ్చటి పాలల్లో కాస్త తోడేస్తే అందులో బ్యాక్టీరియా పాలల్లో ఉండే లాక్టోజ్ అనే చక్కెరని తిని లాక్టిక్ ఆసిడ్ చేస్తాయి, ఆ పులుపుకే పాలు గడ్డకడతాయి. అందుకే పాలు తాగితే కడుపుబ్బరం, గ్యాస్ అనేవాళ్ళల్లో చాలామందికి పెరుగు పడిద్ది, చక్కెర కొంత ముందే తగ్గిపోయి ఉంటది, మిగిలింది అరగడానికి కూడా ఆ బ్యాక్టీరియానే సాయం చేస్తాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ ఈ మాట 2010లోనే ఒప్పుకుంది. కాల్షియం, ప్రోటీన్, బి12 ఎట్టాగూ ఉన్నాయి. 2024లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, వారానికి కనీసం రెండు కప్పుల యోగర్ట్ తింటే టైప్ 2 షుగర్ వచ్చే రిస్క్ తగ్గొచ్చు అని డబ్బాల మీద వేసుకోడానికి సరేనంది, కాకపోతే ఆధారాలు పరిమితమే అని కూడా పక్కన రాయాలంది. కాబట్టి షుగర్ మాత్రలు ఆపేసి పెరుగు గిన్నె ముందేసుకోమాకండి.

పాలు పోసి తోడేసిన చద్దన్నం గురించి వేరే చెప్పాలా, పక్కన నంజుకునే ఉల్లిపాయలో ఉండే పీచు పేగుల్లో మంచి బ్యాక్టీరియాకి తిండి, ఆ పీచు బుడ్డీలో రాదు.

మైనస్ లేదా అంటే ఉంది. మన గిన్నెలో ఏ రకం బ్యాక్టీరియా ఎన్ని ఉన్నాయో మనకి తెలీదు, ఇంటింటికీ మారతాయి. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో), ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ (ఎఫ్‌ఏవో) కలిసి చెప్పిన ప్రకారం ప్రోబయాటిక్ అంటే ప్రాణంతో ఉండాలి, తగినన్ని ఉండాలి, ఒంటికి మేలు చెయ్యాలి, ఆ లెక్కన ఇంటి పెరుగుకి ఆ లేబుల్ వెయ్యలేం. ఇంకోటి, మజ్జిగపులుసు కాస్తే ఆ వేడికి బ్యాక్టీరియా చచ్చిపోతాయి, రుచి ఎక్కడికీ పోదు గానీ. రోహిణి కార్తెలో పొద్దున తోడేస్తే సాయంత్రానికే పుల్లగా అయిద్ది, తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తే సరి.

ప్యాకెట్ పెరుగు కూడా ఫర్లేదు, పాశ్చరైజ్ చేసిన పాలల్లో కల్చర్ (తోడు బ్యాక్టీరియా) కలిపి చేస్తారు. అనుమానం ఉంటే ఒక స్పూను తీసి గోరువెచ్చటి పాలల్లో వేసి చూడండి, తోడుకుంటే బ్యాక్టీరియా బతికున్నట్టే.

ఇంక ఆ చిన్న బుడ్డీ. యాకుల్ట్ అయితే జపాన్‌లో 1935 నుంచి ఉంది, మన దేశంలో అమ్మే 65 మిల్లీలీటర్ల బుడ్డీలో 650 కోట్ల షిరోటా రకం బ్యాక్టీరియా ఉంటాయని కంపెనీ చెప్పుద్ది. రకం తెలుసు, లెక్క తెలుసు, అది నిజంగా ప్లస్సే, కానీ వెనక లేబుల్ చదివితే పంచదార కూడా కనపడిద్ది, షుగరున్నోళ్ళు చూసుకోవాలి, పైగా ఆ డబ్బులతో ఇంట్లో గిన్నెడు పెరుగు తోడుకుంటది. ఊళ్ళు తిరిగే ఉద్యోగం, హాస్టల్ తిండి అయితే తాగండి, కాదనను.

క్యాప్సూల్‌కి అసలు చోటు యాంటీబయాటిక్ కోర్సు దగ్గర. యాంటీబయాటిక్ చెడ్డవాటితోపాటు మంచివాటినీ చంపేసిద్ది, దాంతో కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి, వాటిని తగ్గించడంలో కొన్ని రకాలకి ఆధారాలున్నాయి. శాకరోమైసిస్ బౌలార్డి అని డాక్టర్లు రాస్తారే, అది బ్యాక్టీరియా కాదు, ఈస్టు, అందుకే యాంటీబయాటిక్‌కి చావదు. అట్టాగని కడుపులో ఏ తేడా వచ్చినా ఇదే మందు అనుకోవద్దు, అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం 2020లో చాలా జీర్ణకోశ జబ్బులకి ప్రోబయాటిక్స్ సిఫారసు చెయ్యలేం అని తేల్చేసింది. కీమోలో ఉన్నోళ్ళు, ఐసీయూలో ఉన్నోళ్ళు, నెలలు నిండని పిల్లలకైతే ఆ బతికున్న సూక్ష్మజీవులే రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ తెచ్చే ప్రమాదం ఉంది, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే పని కాదు.

పెరుగున్న ఇంట్లో కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్ లాంటివి రాసినప్పుడు పెరుగన్నంతో కలిపి మింగొద్దు, పెరుగులో కాల్షియం ఆ మందుని పట్టేసుకుని ఒంటికి ఎక్కనియ్యదు, ఎంత గ్యాప్ ఇవ్వాలో డాక్టర్నే అడగండి. విరేచనాలు మొదలైతే ఇంట్లోవాళ్ళు పెరుగా క్యాప్సూలా అని వాదించుకుంటా కూర్చోకుండా ముందు ఓఆర్‌ఎస్ కలపండి.