మల్కాపురం సందులో మెస్: చేప కావాలంటే పన్నెండున్నర లోపే వెళ్లండి

విశాఖలో గాజువాక నుంచి శ్రీహరిపురం మీదుగా వస్తే ఎడమ పక్క రిఫైనరీ గొట్టాలు, కుడి పక్క యారాడ కొండ. మల్కాపురం దాటి సింధియా వైపు తిరిగాక వచ్చే సందులో ఉంటుందీ మెస్. రేకుల కప్పు, ఆరు బల్లలు. బోర్డు ఒకప్పుడు ఉండేది, ఏదో తుఫానుకు ఎగిరిపోతే మళ్లీ పెట్టలేదు. పిన్ని మెస్ అంటే ఎవరైనా చూపిస్తారు.

నాన్న షిప్‌యార్డులో ఫిట్టరుగా చేశారు. మొన్న సంక్రాంతికి ఊరెళ్తే, బీచ్ రోడ్డులో ఏసీ హోటల్‌కి తీసుకెళ్తానన్నాను. "అదెందుకమ్మా, పిన్ని దగ్గరికి పోదాం" అన్నారు.

దారంతా పాఠమే. సింధియా అంటే ఎవరో రాజుగారి పేట అనుకుంటారు మా హైదరాబాద్ ఫ్రెండ్స్. ఈ పేట పేరు ఓడల కంపెనీ నుంచి వచ్చింది. వాల్‌చంద్ హీరాచంద్ నడిపిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఇక్కడ షిప్‌యార్డు కడతానంటే, 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ వచ్చి శంకుస్థాపన చేశారు. ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి.  చివరికి 1948 మార్చి 14న ఇక్కడ కట్టిన మొదటి ఓడ 'జల ఉష' నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగింది. నాన్న పుట్టిందీ ఆ ఏడాదే. "నేనూ జల ఉషా ఒక ఈడు వాళ్లం" అని ఇప్పటికి వందసార్లు చెప్పుంటారు. రిఫైనరీ 1957లో కాల్‌టెక్స్ పెట్టింది. అది హెచ్‌పీసీఎల్ (హిందుస్తాన్ పెట్రోలియం) అయి నలభై ఏళ్లు దాటినా ఆయన నోట్లో ఇంకా కాల్‌టెక్సే.

ఇక తిండి సంగతి. ఈ మెస్ గడియారం షిఫ్టుల గడియారం. ఎ షిఫ్టు ఆరింటికి కాబట్టి తెల్లవారుజామున అయిదుకే ఇడ్లీ, పూరీ, శనగపిండి చట్నీ రెడీ. తొమ్మిదిన్నరకి వెళ్లి టిఫిన్ అడిగితే పిన్ని మిమ్మల్ని వింతగా చూస్తుంది. పదకొండున్నర నుంచి భోజనం. కోనాం పులుసు కోసమే వెళ్లాలి (మిగతా చోట్ల వంజరం అంటారే, అదే). చింతపండు గట్టిగా, మెంతుల వాసన కొద్దిగా, ముక్క విరిగిపోకుండా పైన నూనె తేలుతూ ఉంటుంది. మేం కూర్చునేసరికి పన్నెండుం బావు, మా తర్వాత నాలుగు ముక్కలే మిగిలాయి. నెత్తళ్ల వేపుడు కరకరలాడుతుంది గానీ ఉప్పు ఎక్కువ. కూరలు మాత్రం నాకు నచ్చలేదు, దొండకాయ నీళ్ల నీళ్లగా ఉంది. చారు అమోఘం, నేను గ్లాసులో పోయించుకుని తాగాను.

భోజనం 90 రూపాయలు, కోనాం ముక్క విడిగా 80. ఫ్యాన్లు రెండే, వాటి కింద చోటు మీకు దొరకదు. కారు పెట్టడానికి సందులో చోటే లేదు. చేతులు కడిగే చోట జారుతుంది, పెద్దవాళ్లను తీసుకెళ్తే పట్టుకోండి.

గోడ మీది మెనూలో చపాతీ చూసి ఆశ్చర్యపోయాను, మా చిన్నప్పుడు లేదు. ఒడిశా, బీహార్ నుంచి కాంట్రాక్టు పనికొచ్చిన కుర్రాళ్ల కోసం పెట్టిందట. వాళ్లు పప్పు అడిగిన తీరుకి పిన్ని హిందీలో ఇచ్చే జవాబు వినడానికైనా వెళ్లొచ్చు. ఉక్కు ఫ్యాక్టరీకి 1971లో ఇందిరాగాంధీ పునాదిరాయి వేశాక సందడి మెల్లగా గాజువాక వైపు జరిగిపోయింది. నాన్న ఈడు వాళ్లు చాలామంది అటే ఇళ్లు కట్టుకున్నారు. మధ్యాహ్నం మెస్ నుంచి షిప్‌యార్డు గేటు దగ్గరికి వెళ్లే క్యారియర్లు ఒకప్పుడు సైకిల్‌కి రెండు పక్కలా వేలాడేవి. ఇప్పుడు ఒక సంచిలో పడతాయి.

వంటింటి గుమ్మం పైన అరలో మూడు పాత స్టీలు క్యారియర్లున్నాయి. ఒకదాని మీద మేకుతో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు: 'హల్ షాప్', అంటే షిప్‌యార్డులో ఓడ బాడీ కట్టే విభాగం. ఎవరిదని అడిగాను.

"తెలీదమ్మా. మా అత్త ఉన్నప్పటివి. అడగడానికి ఎవలూ రాలేదు" అంది పిన్ని, నాన్న విస్తట్లో చారు పోస్తూ.

నాన్న దాన్ని దింపమని, మూత తీసి, అడుగున వేలితో తడిమి చూశారు. "మావోడి చేత్తో కొట్టిందే ఇది" అన్నారు. పేరు మాత్రం గుర్తు రాలేదు. దాంట్లోనే ఇంటికి పులుసు కట్టించుకుందామంటే పిన్ని ఒప్పుకోలేదు. ప్లాస్టిక్ డబ్బాలో ఇచ్చింది, డబ్బాకి పది రూపాయలు ఎక్స్‌ట్రా.