మిర్యాలగూడ–నల్లగొండ రోడ్డు మీద ఎలక్ట్రిక్ కారు: ఏడాది దాటాక లెక్కలు

చిన్న ఎలక్ట్రిక్ కారు, 24 కిలోవాట్ అవర్ బ్యాటరీ. 2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త ఈవీ పాలసీ తెచ్చి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశాక కొన్నాను. ఇల్లు మిర్యాలగూడలో, పని నల్లగొండలో. రోజూ పోనురాను దాదాపు 80 కిలోమీటర్లు. నల్లగొండ ఎండాకాలం కూడా దాటింది కాబట్టి ఇప్పుడు రాయొచ్చు అనిపించింది. ఏ కంపెనీది అన్నది పక్కన పెడదాం, ఈ సైజు ఈవీ ఏదైనా సంగతి ఇంచుమించు ఇదే.

బ్రోచర్‌లో రేంజ్ 300 దగ్గర రాసుంటుంది. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద 80 స్పీడు దాటకుండా పోతే నాకు 190 దాకా వస్తుంది. మే నెలలో ఏసీ ఫుల్‌గా పెడితే 160, 170. రోజువారీ తిరుగుడుకు ఇది చాలు. హైదరాబాద్ పోతే మాత్రం తిరుగు ప్రయాణానికి మధ్యలో చార్జింగ్ తప్పదు. మామూలు రోజుల్లో ఫర్వాలేదు. సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర బండ్లు బారులు తీరినప్పుడు, హోటల్ ముందున్న ఒక్క చార్జర్‌కు మన ముందు ఇద్దరుంటే టెన్షన్ ఎట్లుంటదో పడ్డవాళ్లకే తెలుసు.

ఇంటి చార్జింగ్‌లో మొదటి అడ్డంకి ఎర్తింగ్. పాత ఇళ్లలో అది సరిగా ఉండదు, చార్జర్‌లో ఎర్ర లైటు వెలుగుతుంది, కారు కరెంటు తీసుకోదు. కొత్తగా గుంత తీసి ఎర్తింగ్ వేయించి, మీటర్ లోడ్ పెంచుకున్నాకే పని అయింది. కారు బుక్ చేసే ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

ఇక డబ్బు. కారు వచ్చాక ఇంటి వాడకంతో కలిపి మీటర్ నెలకు 400 యూనిట్లు దాటుతుంది, అంటే ఆ పైన యూనిట్ 9.50 స్లాబ్. గోడ సాకెట్ నుంచి తీసుకున్న కరెంటుతో లెక్కేస్తే యూనిట్‌కు ఆరున్నర, ఏడు కిలోమీటర్లు. కిలోమీటరుకు రూపాయిన్నర లోపే. లీటరు 107 రూపాయల పెట్రోల్‌తో 18 మైలేజీ ఇచ్చే కారుకైతే ఆరు రూపాయలు. కిలోమీటరుకు నాలుగున్నర మిగిలినట్టు.

దీన్ని గొప్పగా చెప్పుకుంటుంటే మా బావమరిది ఒక మాట అన్నాడు. "నీకేంది బావా, పన్ను లేకుంట తిరుగుతున్నవ్. నా ట్రాక్టర్‌ల పోసే డీజిల్ మీద నీ వంతు గూడ నేనే కడుతున్న." నవ్వేసి వదిలేశాను గానీ, తర్వాత కాగితం తీసుకుని కూర్చున్నాను.

లీటరు పెట్రోల్‌లో కేంద్రం ఎక్సైజు 2025 ఏప్రిల్‌లో 21.90 అయింది. రాష్ట్ర వ్యాట్ 35.2 శాతం, అంటే దాదాపు 28 రూపాయలు. ఆ లెక్కన రెండూ కలిపి 50. 18 మైలేజీతో భాగిస్తే, నాకు మిగిలే నాలుగున్నరలో రెండు రూపాయల ఎనభై పైసలు పన్నే! సగానికి పైగా. ఇది కారు గొప్పతనం ఖాతాలో రాసుకోలేం. రోడ్డును మాత్రం నేనూ అరగదీస్తున్నాను, బ్యాటరీ బరువుతో ఇంకాస్త ఎక్కువే.

ఈ పన్ను మీద మన నాయకుల తగువు పాతదే. 2021 నవంబర్‌లో, 2022 మేలో కేంద్రం ఎక్సైజు తగ్గించి రాష్ట్రాలను కూడా తగ్గించమంది. మేం 2015 తర్వాత వ్యాట్ పెంచనే లేదు, తగ్గించేదేముంది అన్నారు అప్పటి రాష్ట్ర ప్రభుత్వం వాళ్లు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. 35.2 మారలేదు. రోడ్డెక్కే బండ్లలో ఈవీలు పెరిగేకొద్దీ ఈ రాబడి ఎక్కడినుంచి తెస్తారో ఏ పార్టీ మాట్లాడదు. బరువును, తిరిగిన దూరాన్ని బట్టి ఈవీల మీద కూడా కొంత పన్ను వేయాలంటాను. నా జేబుకు నష్టమే, అయినా న్యాయం అదే.

పొగ సంగతి కూడా ఉంది. సైలెన్సర్ లేదు, ఊళ్లో పొగ లేదు, నిజమే. నేను చార్జింగ్ పెట్టేది రాత్రిపూట, సోలార్ ఉండని టైంలో. ఇదే రోడ్డు మీద వాడపల్లి వైపు పోతే దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంట్ కనిపిస్తుంది, బొగ్గుతో నడిచేదే. సాగర్ జలవిద్యుత్ ఉన్నా అది నీళ్లుంటేనే. ఎలక్ట్రిక్ మోటారు ఇంధనాన్ని తక్కువ వృథా చేస్తుంది కాబట్టి మొత్తం మీద పెట్రోల్ కన్నా మేలే. కానీ ఆ బూడిద పక్కన బతికేది నల్లగొండ బజార్ వాళ్లు కాదు. పెట్రోల్‌లో ఇథనాల్ కలిపితే గాలి బాగుపడుతుందన్న వాదనా ఇట్లాంటిదే. కాలుష్యం వస్తుందని, ఇథనాల్ ఫ్యాక్టరీ మాకొద్దని 2023లో చిత్తనూరు రైతులు రోడ్డెక్కింది మన పాలమూరు దిక్కే కదా.

బండిగా చూస్తే నాకు ఫిర్యాదులు తక్కువ. పికప్ బాగుంది, సర్వీసు ఖర్చు నామమాత్రం. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు ఇరుకుగానే కూర్చోవాలి.

సొంత ఇల్లు, సొంత పార్కింగ్ ఉండి రోజుకు వంద కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లు కొనొచ్చు. రోడ్ ట్యాక్స్ మాఫీ 2026 డిసెంబర్ 31 దాకానే, చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్‌టీ కూడా 2025 సెప్టెంబర్‌లో 18 శాతానికి దిగింది. కాబట్టి మాఫీ లేకుండా ఒకసారి లెక్క వేసుకుని చూడండి. వారానికి రెండు మూడుసార్లు హైదరాబాద్ పోయేవాళ్లకు ఈ బ్యాటరీ సరిపోదు, పెద్దది చూసుకోవాలి.