వెరికోస్ వెయిన్స్‌కి కంప్రెషన్ స్టాకింగ్స్: చాలాకాలంగా వాడుతున్నా, ఎలా ఉన్నాయంటే

బట్టల షాపులో సేల్స్ పని నాది, పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటాం, అలా ఏళ్ళు గడిచేసరికి పిక్కల మీద నరాలు నీలంగా మెలికలు తిరిగి ఉబ్బాయి, సాయంత్రానికి కాళ్ళు వాచి చెప్పులు కూడా పట్టేవి కావు. డాక్టర్ డాప్లర్ స్కాన్ (రక్తం ఎటు పారుతోందో చూసే స్కాన్) చేసి, సిరల్లో కవాటాలు సరిగ్గా మూసుకోక రక్తం మళ్ళీ కిందకి జారుతోందని చెప్పి క్లాస్ 2 (ఓ మోస్తరు బిగుతు) స్టాకింగ్స్, అంటే కాళ్ళని బిగించి పట్టే మేజోళ్ళు రాశారు. నావి చీలమండ దగ్గర 23 నుంచి 32 ఎంఎంహెచ్‌జీ (బీపీ కొలిచే యూనిటే) ప్రెషర్‌వి, పైకెళ్ళేకొద్దీ పట్టు తగ్గుతుంది. మోకాలి కింద వరకు వచ్చేవి, వేళ్ళ దగ్గర ఓపెన్ ఉన్నవి తీసుకున్నా, మెట్టెలు పెట్టుకునేవాళ్ళకి ఇవే నయం, పట్టీలు మాత్రం తీసేయాల్సిందే, దారాలు లాగేస్తాయి.

సాయంత్రం వాపు, బరువు బాగా తగ్గాయి. ఉబ్బిన నరాలు మాత్రం అలాగే ఉన్నాయి, అవి పోతాయని కొనకండి.

నాకు అసలు తేడా తెలిసింది వీటితో నడక మొదలెట్టాకే. పిక్క కండరం బిగిసినప్పుడల్లా బోరింగు కొట్టినట్టు రక్తాన్ని పైకి తోస్తుంది, కదలకుండా నిలబడితే ఆ పని జరగదు కదా, అందుకే పొద్దున అరగంట నడుస్తా, షాపులో కస్టమర్లు చీరలు చూసుకుంటుంటే కౌంటర్ వెనక మడమలు ఎత్తి దించుతూ ఉంటా, బయటికి ఎవరికీ తెలీదు కూడా.

ఇబ్బందులు లేకపోలేదు. వేసుకోవడమే పెద్ద పని, మంచం దిగకముందే, వాపు రాకముందే వేసుకోవాలి, రబ్బరు గ్లౌజులు ఉంటే పట్టు దొరుకుతుంది. పైఅంచు మడిచారంటే అక్కడ తాడు కట్టినంత బిగుతు. మా విజయవాడ ఎండల్లో మేలో నరకమే, చెమటకి దురద, క్రీమ్ రాత్రి తీసేశాకే రాస్తా. చేత్తో ఉతికి నీడలో ఆరేస్తున్నా ఆరు నెలలకి సాగిపోతాయి, మళ్ళీ కొత్త జత ఖర్చు. కొనేటప్పుడు చీలమండ, పిక్క కొలతలు పొద్దున్నే ఇవ్వండి.

మా అత్తమ్మకి షుగర్, నడిస్తే పిక్కలు పట్టేస్తాయి, ఆగితే తగ్గుతుంది. నావి ఓ జత అడిగారు, ఇవ్వలేదు. అలా ఉంటే ధమనుల్లో రక్తం సరిగ్గా అందట్లేదేమో, అలాంటి కాలిని బిగిస్తే పుండ్లు పడే ప్రమాదం ఉంది, ముందు చేతి బీపీతో చీలమండ బీపీ పోల్చి చూసే ఏబీఐ టెస్ట్ చేయించుకోండత్తా, రిపోర్ట్ బాగుండి డాక్టర్ వేసుకోమంటే మీ కొలతలతో మీకే కొందాం అన్నా.