టస్కనీలో విన్ సాంతో కొంటున్నారా? సీసా వెనక్కి తిప్పి చూడండి

ఇటలీలో ఫ్లోరెన్స్, సియెనా వైపు వెళ్లే మనవాళ్లకి ఈ పోస్ట్. విన్ సాంతో అంటే ఎండబెట్టిన ద్రాక్షతో చేసే అక్కడి వైన్. కియాంటీ కొండల్లో వైన్ తయారుచేసే ఒక చిన్న కుటుంబ ఎస్టేట్‌లో (పేరు రాయను) విన్ సాంతో అని చెప్పి మాకు అరడజను సీసాలు అంటగట్టారు. తీరా చూస్తే అది విన్ సాంతో కాదు.

చూపించింది మాత్రం అసలుదే. పెద్దాయన దగ్గరుండి అటక ఎక్కించాడు. దూలాల కింద చిన్న చిన్న పీపాలు, మూతలకి సీళ్లు. త్రెబ్యానో, మల్వాసియా ద్రాక్షగుత్తుల్ని నెలల తరబడి చాపల మీద ఆరబెట్టి, బాగా ముడతలు పడ్డాక పిండుతారు. పాత పీపాల్లో అడుగున ఉంచిన మడ్డే ఆ కొత్త రసాన్ని పులియబెడుతుంది, మన పెరుగు తోడులాగ. తర్వాత కనీసం 3 ఏళ్లు అటక మీదే, వేసవి ఎండకీ చలికాలపు చలికీ. ఈలోపు కొంత ఆవిరైపోతుంది కూడా. చిన్న సీసాకి అంత ధర అందుకే, దానికి నేనేం అనను.

రుచికి పోసిందీ బాగుంది. బిల్లు కట్టాక లోపల్నుంచి టేపు వేసిన అట్టపెట్టె తెచ్చి డిక్కీలో పెట్టారు. ఇంటికొచ్చి విప్పితే ముందు ఎస్టేట్ బొమ్మ, వంకర అక్షరాల్లో ఇంటిపేరు, వెనక సన్నగా ‘వీనో లిక్వోరోసో’. అంటే విడిగా ఆల్కహాల్ కలిపిన వైన్. చట్టప్రకారం అమ్ముకోవచ్చు, సూపర్‌మార్కెట్లలో చవగ్గా దొరుకుతుంది. సీసాల్లో నింపిన కంపెనీ కూడా వేరే ఊరిది. తాగితే ఒట్టి తీపి, గొంతులో స్పిరిట్ మంట.

మెయిల్ పెడితే, “సీసా మీద విన్ సాంతో అని మేం రాయలేదు కదా” అని జవాబు. మరి అటక ఎందుకు ఎక్కించినట్టో!

యూరప్‌లో 14 రోజుల్లో కారణం చెప్పకుండా తిప్పి పంపే హక్కు ఆన్‌లైన్‌లో కొన్నవాటికి ఉంటుంది. ఎస్టేట్‌కి వెళ్లి చేతికి తీసుకున్నవాటికి వర్తించదు.

కాబట్టి పెట్టె అక్కడే విప్పించండి. లేబుల్ మీద ‘విన్ సాంతో దెల్ కియాంటీ’ లాంటి పూర్తి పేరు, డి.ఓ.సి. (ఆ ప్రాంతంలో, నిబంధనల ప్రకారం చేసిందని తెలిపే ఇటలీ గుర్తింపు) అన్న మాట ఉండాలి. ‘ఇంబొత్తిల్యాతో అల్లోరిజినె’ అని ఉంటే పండించినచోటే నింపారని అర్థం. ఇండియాకి తీసుకెళ్లేవాళ్లకి డ్యూటీ లేకుండా మనిషికి 2 లీటర్లే, ఆ కోటా ఇలాంటిదానికి పోగొట్టుకోకండి. బిల్లు మీద కూడా ‘విన్ సాంతో’ అని రాయించుకోండి. రాయడానికి నసిగితే సీసాలు అక్కడే వదిలేసి వచ్చేయండి.