రీస్టోర్ చేసిన సీకో 6139 క్రోనోగ్రాఫ్, కొన్నేళ్లు రోజూ పెట్టుకున్నాక

ముందే చెప్పేస్తా, నా చేతికున్న సీకో 6139 క్రోనోగ్రాఫ్ (బటన్ నొక్కి స్టాప్‌వాచ్‌లా కూడా వాడుకునే వాచీ) ఆల్ ఒరిజినల్ పీస్ కాదు. కేస్, డయల్, ముళ్లు, మెషిన్, పుషర్లు (పక్కనుండే బటన్లు) అన్నీ సీకోవే, 1970ల మొదట్లో తయారైనవే. అద్దం, నీళ్లు పోకుండా ఆపే రబ్బరు గ్యాస్కెట్లు, డయల్ చుట్టూ తిరిగే పసుపు రింగు, దాని బయట ఉండే నీలం ఎరుపు టాకీమీటర్ (వేగం లెక్కకట్టే అంకెలున్న) రింగు మాత్రం కొత్తవి, బయటి వాళ్లు తయారుచేసినవి. కేస్ మీద గీతలు తీసి మళ్లీ బ్రష్డ్ ఫినిష్ ఇచ్చారు, ముళ్ల మీద చీకట్లో వెలిగే పూత (మనం వాడుకలో రేడియం అనేది) కొత్తగా పూశారు, మెషిన్ మొత్తం విప్పి కడిగి ఆయిలింగ్ చేశారు. ఇవన్నీ కొనకముందే అమ్మినాయన ఒక్కొక్కటీ ఫోటోతో సహా చెప్పాడు. పాత వాచీలు సేకరించే వాళ్ల గ్రూపుల్లో రీస్టోర్ చేసిన వాచీ అనగానే మొహం చిట్లించే వాళ్లున్నారు కాబట్టి, రోజూ పెట్టుకునే మనిషిగా నాకేం అనిపించిందో రాద్దామనుకున్నా, చాన్నాళ్లు ఆగాకే రాస్తున్నా, కొత్త మోజులో రాసింది కాదు.

6139 గురించి తెలియని వాళ్ల కోసం కొంచెం. 1969లో ఆటోమేటిక్ (చేతి కదలికకే కీ ఎక్కే) క్రోనోగ్రాఫ్ మేమే ముందు తెస్తామని మూడు వైపుల నుంచి పోటీ నడిచింది. జెనిత్ వాళ్లు జనవరిలో ఎల్ ప్రిమెరో ప్రకటించారు, హోయర్, బ్రైట్‌లింగ్, హామిల్టన్-బ్యూరెన్ కలిసి మార్చిలో క్యాలిబర్ 11 చూపించారు, జపాన్‌లో సీకో వాళ్లు పెద్ద హడావుడి లేకుండా అదే ఏడాది 6139 అమ్మకానికి పెట్టేశారు. ఎవరు ఫస్ట్ అన్న గొడవ ఇప్పటికీ తెగలేదు, నాకు దాని మీద పెద్ద ఆసక్తి కూడా లేదు. నాకు నచ్చింది దాని లోపలి పని. బటన్ నొక్కితే స్టార్ట్, స్టాప్ నడిపించే కాలమ్ వీల్ ఉంది, క్రోనోగ్రాఫ్ ముల్లుని మెషిన్‌తో కలిపే వర్టికల్ క్లచ్ ఉంది (అదెలా పనిచేస్తుందో కింద చెప్తా), అదీ మామూలు ఉద్యోగి కొనుక్కోగలిగే వాచీలో పెట్టారు. విలియం పోగ్ అనే అమెరికన్ ఆస్ట్రోనాట్ తన సొంత డబ్బుతో కొనుక్కున్న గోల్డ్ డయల్ 6139నే 1973లో స్కైల్యాబ్ 4 మిషన్‌కి పట్టుకెళ్లాడు, ఆ మిషన్ వాళ్లు 84 రోజులు స్కైల్యాబ్ అనే అంతరిక్ష కేంద్రంలో ఉన్నారు. నాసా ఇచ్చిన అధికారిక వాచీ ఒమేగా స్పీడ్‌మాస్టర్, కానీ ట్రైనింగ్ అంతా దీంతోనే చేశాడు కాబట్టి పర్మిషన్ సంగతి చూసుకోకుండా దీన్నీ తీసుకెళ్లాడు. 2008లో ఆ వాచీ వేలానికి వచ్చింది. అందుకే పసుపు డయల్ మోడల్‌ని అందరూ పోగ్ అనే పిలుస్తారు, నాదీ అదే.

ఇక అసలు విషయం, ఒరిజినల్ ఎందుకు కొనలేదు. కొందామనే వెతికా, చాన్నాళ్లు వెతికా. ఆల్ ఒరిజినల్ అని రాసి అమ్మే వాటిల్లో చాలావాటికి ఒక మాట మాత్రం రాయరు, సర్వీస్ ఎప్పుడైంది అని. అడిగితే తెలియదు, బాగానే నడుస్తోంది అంటారు. యాభై ఏళ్ల నాటి గ్యాస్కెట్ ఎలా ఉంటుందో చూసిన వాళ్లకి తెలుసు, రబ్బరు కరిగి నల్లగా తారులాగా బంకబంకగా అయిపోయి ఉంటుంది, కొన్నిటిలో అది లోపలికి కూడా పాకుతుంది. ఆయిల్ ఎండిపోయి ఉంటుంది. ఎండిన ఆయిల్‌తో నడుస్తున్న మెషిన్ అంటే చక్రాల ఇరుసులు అరుగుతున్నట్టే లెక్క, నడుస్తోంది కదా అని సంబరపడటానికి లేదు. అంటే దాన్ని కొని చేతికి పెట్టుకోవాలంటే ఎలాగూ విప్పాలి, గ్యాస్కెట్లు మార్చాలి, అద్దం మీద గీతలుంటే అద్దం మార్చాలి, అప్పుడది ఆల్ ఒరిజినల్ ఎక్కడిది? పెట్టుకోకుండా డబ్బాలో దాస్తేనే ఆ పేరు నిలబడుతుంది. దాచుకునే వాళ్లని నేను తప్పు పట్టను, అలాంటి పీసులు కొన్ని ఎవరో ఒకరు ముట్టుకోకుండా ఉంచితేనే ఫ్యాక్టరీలో ఎలా చేశారో రేపటి వాళ్లకి తెలుస్తుంది, 1969 నాటి మొదటి పీసుల్ని అయితే అసలు ముట్టుకోకూడదు. కానీ నాకు కావాల్సింది చేతికి పెట్టుకునే వాచీ. రీస్టోర్ చేసిన దానితో పోలిస్తే ఒరిజినల్ అమ్మేవాళ్లు అడిగే రేటు దాదాపు డబుల్, బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ అదనం, ఆపైన సర్వీసింగ్ ఖర్చు మనదే.

అయితే రీస్టోర్ అన్న మాట కింద రెండు వేరే వేరే పనులు నడుస్తున్నాయి, ఈ తేడా పట్టుకోకపోతే డబ్బులు పోతాయి. ఒకటి, ఉన్నదాన్ని శుభ్రం చేసి, అరిగిపోయే భాగాలు మార్చి, చేసింది చేసినట్టు చెప్పడం. రెండోది డయల్ మొత్తానికి కొత్త రంగు కొట్టి, అక్షరాలు మళ్లీ అచ్చేసి, నాలుగు వాచీల భాగాలు ఒకదాంట్లో బిగించి, చూడటానికి కొత్తగా మెరిసేలా చేసి అమ్మడం. మన దేశం నుంచి బయటికి పోయే పాత సీకోల్లో ఈ రెండో రకం ఎంత ఎక్కువంటే ప్రపంచం మొత్తం వాటికి ముంబై పేరే పెట్టేసింది. గల్ఫ్ వెళ్లొచ్చిన వాళ్లు తెచ్చిన సీకో 5లు మన జిల్లాల్లో ఎన్నో ఇళ్లల్లో ఉండేవి, అలాంటి మంచి వాచీలు చేతులు మారి మారి చివరికి ఆరెంజ్, చిలకపచ్చ డయళ్లతో అమ్మకానికి కనిపిస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఒకసారి డయల్ గీకేశాక వెనక్కి తీసుకురావడం అనేది లేదు. అద్దం మళ్లీ దొరుకుతుంది, రింగు దొరుకుతుంది, డయల్ పోతే పోయినట్టే.

కాబట్టి డయల్‌ని ముట్టుకోకూడదన్నదే నా హద్దు. నా వాచీ డయల్ మీద ఆరు అంకె వైపు చిన్న చిన్న మచ్చలున్నాయి, ఎప్పుడో తేమ తగిలినట్టుంది, సరైన వెలుతురులో చూస్తే కనిపిస్తాయి. రీస్టోర్ చేసినాయన దాన్ని ముట్టుకోలేదు, ముట్టుకోను అని చెప్పే అమ్మాడు, ఆ ఒక్క మాటకే ఆయన మీద నమ్మకం కుదిరింది. ఒరిజినల్ డయల్‌కి ఎండలో తిప్పితే మధ్య నుంచి కిరణాలు పరుచుకున్నట్టు ఒక మెరుపు వస్తుంది, పసుపు కాస్తా బంగారం రంగులోకి, ఒక్కో కోణంలో గోధుమ రంగులోకి కూడా మారుతుంది, రీప్రింట్ డయళ్లు నేను చూసినంతలో ఆ లోతు దేనికీ రాలేదు, చదునుగా పెయింట్ వేసినట్టే ఉంటాయి. లూప్ (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టి చూస్తే అక్షరాల అంచులు, కింద ముప్పై నిమిషాల చిన్న డయల్‌లో సన్నటి వలయాలు, తేదీ కిటికీ అంచు, ఈ మూడు చోట్ల తేడా దొరికిపోతుంది.

వాడకం గురించి చెప్తా, ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. ఈ వాచీలో విడిగా సెకన్ల ముల్లు లేదు, మధ్యలో ఉన్న పెద్ద ముల్లు క్రోనోగ్రాఫ్‌దే. చాలామంది దాన్నే ఎప్పుడూ నడిపిస్తూ సెకన్ల ముల్లులా వాడతారు, నేనూ అంతే. అప్పటి స్విస్ క్రోనోగ్రాఫ్‌లు చాలావాటిలో ఇలా చేస్తే మెషిన్ మీద లోడ్ పడుతుంది, వాటిల్లో చక్రం పక్క నుంచి వచ్చి ఇంకో చక్రం పళ్లలో దూరుతుంది, స్టార్ట్ నొక్కినప్పుడు పళ్లు సరిగ్గా ఎదురుపడకపోతే ముల్లు ఎగురుతుంది కూడా. 6139లో క్లచ్ పైనుంచి కిందకి పడుతుంది, స్కూటర్ క్లచ్ ప్లేట్లు అతుక్కున్నట్టు రెండూ రాపిడితో పట్టుకుంటాయి, ఎగరడం ఉండదు, పెద్దగా లోడూ ఉండదు. నొక్కగానే మెత్తగా బయల్దేరుతుంది. పొద్దున కేబీఆర్ పార్కులో నడకకి వెళ్తే గేటు దగ్గర రెండు గంటల వైపు బటన్ నొక్కుతా, నడక అయ్యాక ఆపి చూస్తా, నాలుగు గంటల వైపు బటన్‌తో జీరో చేస్తా. ముప్పై నిమిషాలకి మించి కౌంటర్ లెక్కపెట్టదు, మళ్లీ మొదటికొస్తుంది, అది గుర్తుపెట్టుకోవాలి అంతే. కీ తిప్పితే పసుపు రింగు తిరుగుతుంది, పార్కింగ్ టైముకో, పొయ్యి మీద దమ్ పెట్టినప్పుడో నిమిషాల ముల్లుకి ఎదురుగా పెట్టుకుంటే సరిపోతుంది. కీ సగం నొక్కితే తేదీ, పూర్తిగా నొక్కితే వారం మారుతుంది, మొదట్లో వింతగా ఉంటుంది గానీ అలవాటైతే ఇంతకంటే సులువైనది లేదు. చేత్తో కీ ఇవ్వడానికి లేదు, రెండ్రోజులు పక్కన పెడితే ఆగిపోతుంది, కాసేపు ఊపి పెట్టుకోవాలి.

టైము విషయంలో సర్వీస్ అయిన కొత్తలో రోజుకి కొన్ని సెకన్లు ముందుకి పోయేది, ఇప్పుడు కొంచెం పెరిగింది కానీ పది సెకన్ల లోపే, ఈ వయసు వాచీకి ఇది చాలా బాగున్నట్టే. వానలో తడిసింది, ఎండాకాలం చెమటలో నానింది, అద్దం లోపల ఆవిరి ఎప్పుడూ పట్టలేదు, ఇక్కడే కొత్త గ్యాస్కెట్ల విలువ తెలిసొచ్చింది. ఈ సిరీస్‌లో మొదట్లో వచ్చిన డయళ్ల మీద 70 మీటర్ల వాటర్‌ప్రూఫ్ అని ఉంటుంది, ఆ మాటని ఈ రోజు ఎవరూ నమ్మొద్దు, కొత్త గ్యాస్కెట్లున్నా సరే నేను స్విమ్మింగ్‌కి పెట్టుకోను, పుషర్ల దగ్గర ఎప్పుడైనా నీళ్లు పోవచ్చు.

మధ్యలో ఒక ఇబ్బంది వచ్చింది. జీరో చేసినప్పుడు ముల్లు సరిగ్గా పన్నెండు మీద కాకుండా కాస్త పక్కన ఆగడం మొదలైంది. పాత మెకానిక్కుల్లో చేయి తిరిగిన వాళ్లున్నారు కానీ క్రోనోగ్రాఫ్ అనగానే చాలామంది వద్దంటారు, అదీ ఈ క్లచ్ ఉన్నది అంటే ఇంకా భయపడతారు. వాళ్ల భయంలో న్యాయం ఉంది, ఆ సెంటర్ వీల్ క్లచ్ మొత్తం ఒకే యూనిట్, విప్పి బాగుచేసేలా చేయలేదు, తెలియక ఆయిల్ పోస్తే జారడం మొదలవుతుంది, పాడైతే ఇంకో పాత మెషిన్ నుంచి తీసి వేయడమే దారి. నాది అంతవరకు రాలేదు, ముల్లు బిగింపు వదులైందంతే. రీస్టోర్ చేసినాయనకే కొరియర్‌లో పంపితే సరిచేసి పంపాడు. కొనేటప్పుడు వాచీ ఒక్కటే చూసుకుంటే చాలదు, దాన్ని మళ్లీ బాగుచేసేవాడు అందుబాటులో ఉన్నాడా అన్నది కూడా చూసుకోవాలి.

నచ్చనివీ ఉన్నాయి. ఆ పసుపు రింగు మరీ పసుపుగా ఉంది. ఒరిజినల్ రింగులు ఏళ్ల తరబడి ఎండకి కాస్త వెలిసి డయల్‌తో కలిసిపోయి ఉంటాయి, ఇది నీడలో బాగానే ఉంటుంది, ఎండలోకి రాగానే ఇది వేరే అని తెలిసిపోతుంది, ఇన్నాళ్లయినా నా కన్ను అక్కడికే పోతుంది. ముళ్ల మీద కొత్త రేడియం రాత్రి వెలుగుతుంది, డయల్ మీది గుర్తులు పాతవి కాబట్టి వెలగవు, చీకట్లో ముళ్లు మాత్రమే తేలుతూ కనిపిస్తాయి, టైము ఊహించుకోవాలి. నన్నడిగితే ముళ్లని కూడా అలాగే వదిలేయాల్సింది. కేస్ బ్రషింగ్ నీట్‌గా చేశారు, అయినా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పదునైన అంచులు కొంత మెత్తబడ్డాయి, పక్కన ముట్టని కేస్ పెట్టి చూస్తే ఆ తేడా స్పష్టం. లోహం ఒకసారి అరగదీశాక మళ్లీ పెరగదు కదా, కాబట్టి గీతలు లోతుగా లేకపోతే పాలిష్ వద్దనే చెప్పండి. ఇక అమ్మాలనుకుంటే పెట్టిన డబ్బు వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు, ధరలు పెరిగినప్పుడు ముందు పెరిగేవి ఒరిజినల్‌వే.

కొనబోయే వాళ్లు అమ్మేవాడిని అడగాల్సినవి, నేను అడిగినవి చెప్తా. ఏయే భాగాలు మార్చారు, డయల్ ఒరిజినలేనా, విప్పినప్పుడు తీసిన ఫోటోలు ఉన్నాయా, తీసేసిన పాత భాగాలు ఇస్తారా. వెనక మూత మీద సీరియల్ నంబరు చూడండి, మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. డయల్ ముఖం మీద కింది అంచున సన్నగా ఉండే కోడ్ కేస్ మోడల్‌కి సరిపోయేదేనా చూడండి, ఎప్పుడో 1970ల చివరి కేస్‌లో మొదట్లో వచ్చిన డయల్ కూర్చోబెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. వీడియోలో క్రోనోగ్రాఫ్ స్టార్ట్ చేసి, ముప్పై నిమిషాలు పూర్తిగా నడిపి, జీరో చేసి చూపించమనండి. దీనికి ఒప్పుకోని వాడి దగ్గర ఎంత తక్కువకి వచ్చినా కొనొద్దు. బెల్ట్ కొనేటప్పుడు కూడా చూసుకోండి, దీనికి 19 మిల్లీమీటర్లది కావాలి, మన షాపుల్లో 18, 20 దొరికినంత సులువుగా 19 దొరకదు, 18 పెడితే పక్కన సందు కనిపిస్తుంది.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటానా అంటే కొంటా, ముళ్ల రేడియం, కేస్ పాలిష్ లేకుండా దొరికితే ఇంకా సంతోషంగా కొంటా. పాత అద్దం, పాత టాకీమీటర్ రింగు చిన్న జిప్ కవర్‌లో నా దగ్గరే ఉన్నాయి. పసుపు రింగు మాత్రం పళ్లు అరిగి విరిగిపోయిందట, రాలేదు. ఒరిజినల్ రింగు ఒకటి కోసం చూస్తూనే ఉన్నా, దొరికితే కొని ఆ కవర్‌లోనే పడేస్తా, ఇప్పుడున్న రింగు పళ్లు బాగానే పట్టుకుంటున్నాయి, అది అరిగేదాకా అదే ఉంటుంది.