పైలట్ల సీనియారిటీ కలపడానికి చేరిన తేదీనా, నడిపే విమానమా: ఏది మేలు?

మొన్న సెలవుకి బరంపురం వచ్చిన మా మేనల్లుడు అరుగు మీద కూర్చుని కాగితం మీద పేర్లు కిందా మీదా రాస్తూనే ఉన్నాడు. వాడు ఏ320 విమానంలో ఫస్ట్ ఆఫీసర్, అంటే కెప్టెన్ పక్క సీటు పైలట్. వాళ్ల ఎయిర్‌లైన్ కంపెనీ ఇంకో దానితో కలుస్తోంది. "జీతం సంగతి తర్వాత మావయ్యా, నా నంబరు ఎక్కడ పడుతుందోనని టెన్షన్" అన్నాడు. రెండు కంపెనీల పైలట్లనూ కలిపి వేసే సీనియారిటీ జాబితాలో వరుస నంబరు అది. ఏ విమానం, ఏ సీటు, ఏ ఊరు బేస్ అన్నవి చాలాచోట్ల ఆ నంబరును బట్టే వస్తాయి.

చేరిన తేదీ ప్రకారం కలిపితే న్యాయంగానే కనిపిస్తుంది. కానీ రాయగడ రూట్లో ఇద్దరు బస్సు ఓనర్లు కలిశారనుకోండి. బస్సులు పెరగని ఓనరు దగ్గర ఇరవై ఏళ్లుగా స్పేర్ డ్రైవరుగా ఉన్నవాడు, కొత్త ఓనరు దగ్గర ఎనిమిదేళ్లకే భువనేశ్వర్ నైట్ బస్సు పట్టినవాణ్ణి దాటేస్తాడు. రెండోవాడి చేతిలోని స్టీరింగ్ మొదటివాడికి పోతుంది. అది నాకు న్యాయం అనిపించదు.

రెండో పద్ధతిలో వైడ్‌బాడీ (రెండు నడవలుండే పెద్ద విమానాల) కెప్టెన్లు, నేరోబాడీ (ఒకే నడవ ఉండే చిన్న విమానాల) కెప్టెన్లు, ఫస్ట్ ఆఫీసర్లు అని వర్గాలు చేస్తారు. ఒక వర్గంలో ఇటు 300 మంది, అటు 100 మంది ఉంటే ఇటు ముగ్గురు, అటు ఒకరు చొప్పున పేర్లు పేరుస్తారు. ఎవరు తెచ్చుకున్న సీటు వాళ్లకు చాలావరకు నిలుస్తుంది.

దీనికీ నొప్పి ఉంది. 2005లో అమెరికాలో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిశాయి. 2007లో మధ్యవర్తి ఇచ్చిన తీర్పులో మొదటి 517 స్థానాలు యూఎస్ ఎయిర్‌వేస్ వాళ్లకే ఇచ్చారు, ఎందుకంటే రెండో కంపెనీలో అంత పెద్ద అంతర్జాతీయ విమానాలు లేవు. కానీ పనిలేక ఇంటికి పంపిన, పదిహేనేళ్లు దాటిన యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు నిన్నమొన్న చేరిన అమెరికా వెస్ట్ వాళ్ల కిందికి వెళ్లారు. 2008లో పైలట్లు ఆ కోపంతో పాత యూనియన్‌నే మార్చేశారు. ఎన్నేళ్ల కష్టమో అది, తేలిగ్గా కొట్టేయలేం.

మన దగ్గరా 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాక, 2012లో అప్పటి కొత్త బోయింగ్ విమానం డ్రీమ్‌లైనర్ మీద శిక్షణ ఎవరికన్న గొడవతో సమ్మె 58 రోజులు నడిచింది.

అందుకే రెండూ కలపడమే మేలంటాను. యునైటెడ్, కాంటినెంటల్ 2010లో కలిశాక 2013లో మధ్యవర్తుల తీర్పు సర్వీసుకు 35 శాతం, విమానం-హోదాకు 65 శాతం బరువిచ్చింది. పాత వైడ్‌బాడీ సీట్లకు కొన్నేళ్లు కంచె కూడా ఉండాలి, అంటే అవతలి కంపెనీ వాళ్లు వాటిని తీసుకోకుండా అడ్డు. డెల్టా, నార్త్‌వెస్ట్ కలిసినప్పుడు అలాంటివి పెట్టారు.

మావాడు 35, 65 అని కాగితం అంచున రాసుకుని, తన పేరు మళ్లీ వెతకడం మొదలుపెట్టాడు.