జియోబాక్టరా, షెవనెల్లానా?

కరెంటు పుట్టించే బ్యాక్టీరియాతో పని మొదలుపెట్టేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. రెండూ ఎలక్ట్రాన్లను ఇనుము ఖనిజాలకో ఎలక్ట్రోడ్‌కో అప్పజెప్పి బతికేవే. అప్పజెప్పే పద్ధతే వేరు.

షెవనెల్లా ఒనైడెన్సిస్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనైడా సరస్సులో దొరికింది. ఆక్సిజన్ ఉన్నా లేకున్నా పెరుగుతుంది, జన్యువులు మార్చడమూ తేలిక. బయటి పొరలో ఎంటీఆర్‌బీ అనే గొట్టంలాంటి ప్రోటీన్, దాని లోపల ఎంటీఆర్‌ఏ, పైన ఎంటీఆర్‌సీ: ఎలక్ట్రాన్లు ఎంటీఆర్‌ఏ నుంచి ఎంటీఆర్‌సీకి చేరి బయటపడతాయి. అక్కడి నుంచి చాలావరకు మోసేవి, అది విడుదల చేసే ఫ్లేవిన్‌లు అనే చిన్న అణువులు. అందుకే 2008లో ఎలక్ట్రోడ్ చుట్టూ ఉన్న ద్రవం మార్చి, అందులోని ఫ్లేవిన్‌లను తీసేసి చూస్తే, ఎలక్ట్రాన్ల బదిలీ 70 శాతానికి పైగా పడిపోయింది.

జియోబాక్టర్ సల్ఫర్‌రెడ్యూసెన్స్‌కు అలాంటి మోతగాళ్ల అవసరం పెద్దగా లేదు. ఎలక్ట్రోడ్‌ను అంటుకుని మందంగా పేరుకుంటుంది. దాని జీనోమ్‌లో సైటోక్రోమ్‌ల (ఎలక్ట్రాన్లను మోసే ప్రోటీన్ల) జన్యువులే వందకు పైగా ఉన్నాయి! దాని ఒంటి నుంచి సాగి ఎలక్ట్రాన్లను మోసే తీగల్లాంటి పోగులు పిలై (బ్యాక్టీరియా మీది వెంట్రుకల్లాంటి ప్రోటీన్ నిర్మాణాలు) అని చాన్నాళ్లు అనుకున్నారు. 2019లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే ఓఎంసీఎస్ అనే సైటోక్రోమ్‌లు గొలుసుగా కనిపించాయి. పిలై వాదన మాత్రం ఇంకా సద్దుమణగలేదు.

తిండి దగ్గర తేడా మరీ ఎక్కువ. వీటికి తిండిగా పనికొచ్చే లాక్టేట్ ఒక్కో అణువులో తీయగలిగిన ఎలక్ట్రాన్లు 12. ఆక్సిజన్ లేనప్పుడు షెవనెల్లా నాలుగు తీసుకుని, మిగతాది ఎసిటేట్‌గా వదిలేస్తుంది. జియోబాక్టర్ ఆ ఎసిటేట్‌నే కార్బన్ డయాక్సైడ్ దాకా కాల్చి మిగిలిన ఎనిమిదీ రాబడుతుంది.

జన్యువులతో ఆడుకోవాలంటే నేను షెవనెల్లానే ఎంచుకుంటాను. కరెంటే కావాలంటే జియోబాక్టర్. కాకపోతే ఆక్సిజన్ తీసేసిన సీసాలు, నైట్రోజన్ సిలిండర్ల టెన్షన్ తప్పదు.